నాలుగు డబ్బాల పరీక్ష

అమ్మకు జ్వరం తగ్గింది, జలుబు తగ్గింది, దగ్గు తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. అమ్మ ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా నెట్టుకొచ్చింది. ఒకరోజు నాన్న స్నానాల గదిలో ఫినాయిల్ సీసా పగలగొట్టాడు. నేనూ నాన్నా ముక్కులు మూసుకుని వీధిలోకి పరుగెత్తాం. అమ్మ వంటింట్లో తాపీగా ఉల్లిపాయలు తరుగుతూ, "ఏంటా హడావిడి? ఎవరైనా వచ్చారా?" అంది. అప్పుడు బయటపడింది.

ఇంకొకరికైతే ఇది అంత కష్టం కాకపోవచ్చు. మా అమ్మకు ముక్కే ఉద్యోగం. మా వీధి చివరి బేకరీలో రొట్టెల ఓవెన్ ఆమె చేతిలో ఉండేది. పాతకాలపు ఇటుకల ఓవెన్ అది. ఇనుప తలుపుకు అద్దం లేదు. మధ్యలో తెరిచి చూద్దామంటే వేడి తప్పించుకుపోయి రొట్టె కూలబడుతుంది. పోనీ గడియారం పెట్టుకుందామంటే ఆ ఓవెన్ ఒకరోజు తొందరపడుతుంది, ఒకరోజు బద్ధకిస్తుంది. అమ్మ తలుపుకు కాస్త ఎడంగా స్టూలు వేసుకుని, వచ్చేపోయే వాళ్లతో కబుర్లాడుతూనే ఉండి, ఉన్నట్టుండి లేచేది. "అయింది" అనేది. తలుపు తీస్తే అయ్యే ఉండేది. ఎలా తెలుస్తుందని అడిగితే, "ముందు పచ్చి వాసన పోతుంది. తర్వాత తియ్యటి వాసన వస్తుంది. ఆ తీపి కాస్త గట్టిపడుతుంది చూడు, అప్పుడు" అనేది. ఎంత పీల్చినా మాకు మాత్రం రొట్టె వాసనే వచ్చేది.

బేకరీ యజమానిని అందరూ పెద్దాయన అంటారు. మంచి మనిషే, కాని రొట్టెల దగ్గర మొహమాటం తెలియదు. సంగతి తెలియగానే అమ్మను ప్యాకింగ్ బల్లకు మార్చి, ఓవెన్ దగ్గర తన మేనల్లుణ్ణి నిలబెట్టాడు. ఆ అబ్బాయి మెడలో తాడు కట్టి అలారం గడియారం వేలాడదీసుకునేవాడు. వారం తిరక్కుండానే అతని పేరు అలారం అయిపోయింది.

"ఒకటో తారీఖు నుంచి బయటి నుంచి ఒకతను వస్తానన్నాడమ్మా. పని తెలిసినవాడు. అతనొస్తే ఓవెన్ అతనికే. ఈలోగా నీ ముక్కు తెరుచుకుందా, నీ స్టూలు నీదే," అని పెద్దాయన అమ్మతో చెప్పాడు.

అమ్మ ఇంటికొచ్చి ఆ మాట మాకు చెప్పి, "ప్యాకింగ్ మాత్రం పని కాదా ఏంటి?" అంది. అని, కూర్చున్న చోటు నుంచి చాలాసేపు లేవలేదు.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. నాన్న సిటీ బస్సు కండక్టరు. ఆయన దృష్టిలో డిగ్రీ అంటే సర్వరోగ నివారిణి. కుళాయి కారినా, ఫ్యాను ఆగినా, "అమ్మలూ, డిగ్రీ చదివావుగా, చూడు" అంటాడు. నేను చదివింది బీకాం అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. ఆ లెక్కన అమ్మ ముక్కు కూడా నా బాధ్యతే అయింది. ఆఫీసుకు సెలవు పెట్టి ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ లైటు వేసి చూసి, "లోపల దెబ్బేమీ లేదు. రావచ్చు. ఎప్పుడని చెప్పలేను," అంది. "ఘాటైన వాసనలు నాలుగు పెట్టుకోండి. పొద్దునా సాయంత్రం ఒక్కొక్కటీ వాసన చూడాలి. చూస్తున్నప్పుడు అది ఒకప్పుడు ఎలా ఉండేదో తీరిగ్గా గుర్తు చేసుకోవాలి. తొందర పెట్టకండి."

అందులో మొదటి సగమే నా తలకెక్కింది. దారిలోనే ఒకే రకం రేకు డబ్బాలు నాలుగు కొన్నాను. మూతలకు మేకుతో చిల్లులు పొడిచాను. ఒకదానిలో లవంగాలు, ఒకదానిలో కాఫీ పొడి, ఒకదానిలో నిమ్మతొక్కలు, ఒకదానిలో ఒంటి సబ్బు ముక్క. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లకు నాన్న చేతిరుమాలు కట్టాను.

"డబ్బాకి పాతిక మార్కులు," అన్నాను. "ఏది ఏదో చెప్పు."

ఏదైనా రాకపోతే దానికొక పరీక్ష పెట్టడమే నాకు తెలిసిన వైద్యం. నేను పెరిగిందంతా అలాగే. అమ్మ ఎన్నడూ బడికి వెళ్లలేదు. వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, మొదటి బెంచీలో పిల్లలా కూర్చుంది.

"ఇది... సబ్బా?"

"కాఫీ."

"అయ్యో. ఇది కాఫీ అయితే?"

"అమ్మా, ఊహించకు. వాసన చూడు."

"వస్తే కదే చూడ్డానికి!"

మొదటి రోజు సున్నా. మర్నాడూ సున్నాయే. నాన్న డ్యూటీ నుంచి వస్తూనే గుమ్మంలో ఆగి, "ఏమోయ్, బండి కదిలిందా?" అని అడిగేవాడు. "ఇంకా డిపోలోనే ఉంది," అనేది అమ్మ.

ఒక సాయంత్రం లవంగాలు సరిగ్గా చెప్పింది. మర్నాడు లవంగాలూ సబ్బూ చెప్పింది. ఆదివారం పొద్దున నాలుగింటికి నాలుగూ చెప్పింది. డబ్బాల వరస మార్చి మళ్లీ ఇచ్చాను. మళ్లీ నాలుగూ చెప్పింది. నేను ఎగిరి గంతేశాను. నాన్న ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊది, "రైట్, రైట్!" అని అరిచాడు. పక్కింటి వాళ్లు కిటికీలోంచి తొంగి చూశారు.

"ఇప్పుడే పెద్దాయనకు చెప్పొస్తాను," అన్నాను చెప్పులు వేసుకుంటూ.

"రెండు రోజులు ఆగవే," అంది అమ్మ.

"ఎందుకాగడం? నూటికి నూరు వచ్చాయి!"

అమ్మ నా మొహంలోకి చూసి, పక్కకు జరిగి దారిచ్చింది. అది ఆమె అణకువ అనుకున్నాను.

పెద్దాయన సరేనన్నాడు. సోమవారం పొద్దున అమ్మను బేకరీలో స్టూలు మీద కూర్చోబెట్టి, ఆ ఆనందంలోనే వీధి మలుపు దాటి బస్టాపులో నిలబడ్డాను. ఈదురుగాలి మా వైపే వీస్తోంది. కాసేపటికి ఆ గాలిలో ఏదో మాడు వాసన మొదలైంది. పక్కనున్నామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఎవరి కొంపలోనో అడుగంటింది," అంది. నేను వెనక్కి పరుగెత్తాను.

అమ్మ స్టూలు మీదే ఉంది. ఓవెన్ తలుపు సందుల్లోంచి సన్నగా పొగ బయలుదేరింది. ఆమె అటు చూడడం లేదు. గోడ గడియారం వైపు రెప్ప వాల్చకుండా చూస్తోంది. నేను లోపలికి రావడం చూసి, "ఏమే, బస్సు తప్పిపోయిందా?" అంది.

అలారం వీధి తలుపు నుంచి దూసుకొచ్చి, గుడ్డ చుట్టుకుని తలుపు లాగాడు. లోపల వాయి మొత్తం బొగ్గులయింది. అమ్మ ఆ రొట్టెల్నీ, గడియారాన్నీ మార్చి మార్చి చూసి, "ఇంకా టైముంది కదా..." అంది.

పెద్దాయన కేకలేయలేదు. వేసినా బాగుండేది. "ప్యాకింగ్ దగ్గర కూర్చోమ్మా," అన్నాడు అంతే.

ఆ సాయంత్రం నాలుగు డబ్బాలూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాం. నాకు అంతు పట్టలేదు. నూటికి నూరు తెచ్చుకున్న మనిషికి పక్కనే మాడుతున్న రొట్టె ఎందుకు తెలియలేదు?

అమ్మ ఒక డబ్బా తీసి నా చెవి దగ్గర ఆడించింది. చిటచిటమంది. "లవంగాలు," అంది. ఇంకోటి తీసింది. "ఇది గలగలమనదు, ఇసకలా జారుతుంది. కాఫీ. సబ్బు టక్కుమని కొట్టుకుంటుంది. నిమ్మతొక్కలకి బరువు ఉంటుంది గానీ చప్పుడుండదు. ఇన్నేళ్ల నుంచి వంటింట్లో డబ్బాలు మోస్తున్నానే తల్లీ, మూత తీస్తే గానీ తెలియకుండా ఉంటుందా?"

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మొదట్లో నేనూ వాసనే అనుకున్నానే. చెయ్యి ముందు చెప్పేస్తోంది, నోరు అనేస్తోంది. తర్వాత అర్థమైంది." చీర అంచు సరిచేసుకుంది. "నువ్వేమో మార్కులు చెబుతూ చెబుతూ పొంగిపోతున్నావు. పుట్టి బుద్ధెరిగాక నేను రాసిన పరీక్ష అదొక్కటే. పాసవ్వాలనిపించింది."

నాన్న ఉంగరపు వేలితో డబ్బా మూత మీద కొడుతూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "అమ్మలూ, డాక్టరమ్మ పరీక్ష పెట్టమందా?" అని అడిగాడు.

"లేదు నాన్నా. గుర్తు చేసుకోమంది."

"మరి అది చేద్దాం. మార్కులు తీసి అవతల పెట్టు."

మర్నాటి నుంచి రుమాలు కట్టలేదు. మూతలు తీసేశాం. ముగ్గురం వంటింటి గడప దగ్గర కూర్చుని, ఒక్కో డబ్బా చేతులు మార్చుకుంటూ మాట్లాడుకునేవాళ్లం. లవంగాల డబ్బా రాగానే అమ్మ నవ్వేది. "మీ నాన్నకి పెళ్లిచూపుల నాడు పంటి నొప్పి. బుగ్గలో లవంగం పెట్టుకొచ్చాడు. ఈయన మాట్లాడడేంటి, మూగవాడేమోనని మా వాళ్లు బెంగపడ్డారు."

"ఆ రోజు మూసుకున్న నోరు తెరవకుండా ఉండాల్సింది," అన్నాడు నాన్న.

సబ్బు డబ్బా దగ్గర నా గురించి చెప్పింది. నేను నెలల పిల్లగా ఉన్నప్పుడు స్నానం చేయించాక నా మెడ మడతలో ముక్కు పెట్టి పీల్చేదట. నిమ్మతొక్కల దగ్గర తాను బస్సెక్కితే వాంతులయ్యేవని, నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చునేదాన్నని, ఆ బస్సులోనే నాన్నను మొదటిసారి చూశానని చెప్పింది. "అంటే పెళ్లిచూపులకు ముందేనా!" అన్నాను. ఇద్దరూ గోడ వైపు చూశారు. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

వాసన మాత్రం రాలేదు. అయినా ఆఫీసులో సాయంత్రమయ్యే సరికి ఆ గడప ఎప్పుడు చేరతానా అని నాకు తొందరగా ఉండేది. నాన్న కూడా డ్యూటీ దిగాక కబుర్లకు ఆగడం మానేశాడు. కలిసి ఉంటున్న ముగ్గురం అలా కలిసి కూర్చుని ఎన్నాళ్లయిందో మాకే తెలియదు. నెలాఖరు దగ్గర పడుతోందని ముగ్గురికీ తెలుసు. ఎవరం ఆ మాట ఎత్తలేదు.

ఒకరోజు పొద్దున నాన్న కాఫీ పెట్టి ఇచ్చాడు. అమ్మ గ్లాసు నోటి దగ్గరకు తీసుకుని ఠక్కున ఆపి మొహం చిట్లించింది.

"ఛీ! ఇదేం కంపు! కాలిన టైరులా ఉంది!"

నాన్న చిన్నబుచ్చుకున్నాడు. "పెళ్లయినప్పటి నుంచి నా కాఫీని అదే మాట అంటున్నావు. కొత్తగా ఏముంది?"

"కాదండీ! నిజంగా! టైరు... రబ్బరు... ముక్కులోకి కొడుతోంది!"

నేను గ్లాసు లాక్కుని వాసన చూశాను. శుభ్రమైన కాఫీ వాసన. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "తప్పుడు వాసన వస్తోందా? మంచిదే. దారి తెరుచుకుంటోందన్నమాట. అలాగే మొదలవుతుంది కొందరికి," అంది. నేను ఫోన్ పెట్టేసి ఆ మాట చెప్పగానే అమ్మ గ్లాసు మళ్లీ అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "అబ్బ, ఎంత కంపో!" అంది పరవశంగా. ఇంకోసారి పీల్చింది. "వాంతొచ్చేలా ఉంది!" నాన్న ఇంకో గ్లాసు కలిపి తెచ్చాడు.

తర్వాతి మూడు రోజులూ ఏమీ లేదు. నాలుగో రోజు సాయంత్రం నాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. అమ్మ పక్కనుంచి వెళ్తూ ఆగింది. వెనక్కి అడుగు వేసింది. చొక్కా చేతిలోకి తీసుకుంది.

"ఈ చొక్కా ఎన్నాళ్లయింది ఉతక్క?"

"నిన్ననే కదా..." అని మొదలుపెట్టిన నాన్న ఆగిపోయాడు.

"ఏ నిన్న? చెమట కంపు! చంకల దగ్గర చూడండి! అసలు ప్రయాణికులు మీ పక్కన ఎలా నిలబడుతున్నారు?" తిడుతూ తిడుతూ తానే ఆగిపోయి, చొక్కాను మొహానికి అదుముకుంది. అమ్మ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికెళ్లాను. నవ్వుతోంది. కాస్త ఏడుస్తోంది కూడా.

నాన్న ఆ చొక్కా ఉతకనివ్వలేదు. మర్నాడు పొద్దున మడతపెట్టి బీరువాలో పెట్టబోయాడు. అమ్మ చీపురు పట్టుకుని వెంటపడింది.

నెలాఖరు రోజు ఆదివారం. అమ్మ కళ్లజోడు ఇంట్లో మర్చిపోతే ఇద్దామని బేకరీకి వెళ్లాను. ప్యాకింగ్ బల్ల వెనక కూర్చుని కాగితాలు మడుస్తోంది. గల్లా దగ్గర పెద్దాయన. గోడకు అవతల ఓవెన్. అలారం తలుపు ముందు నిలబడి మెడలో గడియారాన్ని అరచేతిలో పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"రేపట్నుంచి ఆ బయటి మనిషి వస్తాడటగా," అన్నాను మెల్లగా.

"రానీ. ప్యాకింగ్ మాత్రం..." అంటూ అమ్మ మాట మధ్యలో ఆపింది. చేతిలో కాగితం సగం మడతలో ఉండిపోయింది. తల ఎత్తి గాలిలోకి చూసింది.

"పచ్చి వాసన పోయింది," అంది తనలో తాను.

నేను కళ్లజోడు బల్ల మీద పెట్టాను.

"తీపి... ఆఁ, తీపి." లేచి నిలబడింది. "అయ్యా, గట్టిపడుతోంది. తలుపు తీయించండి."

పెద్దాయన ఉలిక్కిపడి గోడ గడియారం చూశాడు. "ఇంకా చాలా టైముందమ్మా. ఇప్పుడు తీస్తే వాయి మొత్తం కూలబడుతుంది. పోయినసారి అయింది చాలు, కూర్చో."

నేనూ అమ్మ చెయ్యి పట్టుకోబోయాను. బొగ్గయిన రొట్టెలు కళ్ల ముందు మెదిలాయి. అమ్మ నా చెయ్యి విడిపించుకుంది.

"అయ్యా, పోయినసారి నేను గడియారం చూశాను. ఇప్పుడు చూడలేదు. తీశాక పచ్చిగా ఉంటే రేపట్నుంచి ప్యాకింగ్‌కి కూడా రాను."

పెద్దాయన ఆమె మొహం చూశాడు. గడియారం చూశాడు. మళ్లీ ఆమె మొహం చూశాడు. ఆయన ఏదో అనేలోగా గోడ అవతలి నుంచి కేక వినిపించింది.

"మామయ్యా, నేను తీసేస్తున్నా! పిన్ని చెబితే చాలు!"

ఇనుప తలుపు కిర్రుమంది. మేం ముగ్గురం పరుగున అటు వెళ్లాం. అలారం పొడుగు పారతో పలక బయటికి లాగాడు. వరసల నిండా రొట్టెలు పొంగి, ఎండలో పెట్టిన కొత్త ఇత్తడిలా మెరుస్తున్నాయి. అమ్మ ఒకటి తిప్పి అడుగున వేలితో కొట్టింది. బాగా కాలిన రొట్టె మోగినట్టే లోపల డొల్లగా మోగింది. పెద్దాయన దాన్ని తుంచాడు. ఆవిరి లేచింది. ఊదకుండానే నోట్లో పెట్టుకుని, నాలుక కాలినా నమలడం ఆపలేదు.

"ఇంకాసేపు ఉంచి ఉంటే?" అని అడిగాను.

ఆయన నోరు ఖాళీ లేక చెయ్యి అడ్డంగా ఊపాడు.

అందరం తలో ముక్కా తింటుండగా అలారం మెడలో గడియారం గణగణమని మోగింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత బేకరీ మొత్తం నవ్వింది. ఆ అబ్బాయి తాడు తల మీంచి తీసి గడియారాన్ని మేకుకు తగిలించి, మెడ రుద్దుకుంటూ, "బతికించావు పిన్నీ. రాత్రి కలలో కూడా ఇదే మోగుతోంది," అన్నాడు. పెద్దాయన తానే వెళ్లి మూలనున్న స్టూలు తెచ్చి, భుజం మీది గుడ్డతో తుడిచి, ఓవెన్‌కు కాస్త ఎడంగా వేశాడు. ఆ బయటి మనిషికి కబురు చేయడానికి ఫోన్ తీశాడు.

చివరి వాయిలోంచి ఒక వేడి రొట్టె పొట్లం కట్టించుకుని బయల్దేరాం. ఇంటికి ఐదు నిమిషాల నడక. ఆ రోజు అది ఎంతకీ తెమలలేదు. అమ్మ మంగలి షాపు ముందు ఆగింది. "పౌడరు." సైకిలు రిపేరు కొట్టు ముందు ఆగి, "గ్రీజు!" అంది. ఎవరింట్లోనో ఉల్లిపాయలు వేగుతుంటే, "ఇంకొంచెం ఎర్రబడాలి," అని ఆ కిటికీ వైపు చూసి చెప్పింది. మురిక్కాలవ దగ్గర కూడా ఆగింది. "అమ్మా, ఇది వద్దు, పద," అన్నాను. "ఉండవే, ఇదొక్కటీ," అంది.

నాన్న విషయం విని ఈల కోసం వెతుకుతుంటే, అమ్మ చేతులు కడుక్కుని కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ రుమాలు కట్టు. నాలుగూ దూదిలో చుట్టి పెట్టు. చప్పుడు రాకూడదు."

"మార్కులు వద్దనుకున్నాం కదమ్మా."

"అప్పుడు వద్దు. ఇప్పుడు కావాలి."

దూది చుట్టి ఇచ్చాను. డబ్బాలు నేనే పట్టుకున్నాను, ఆమెను ముట్టుకోనివ్వలేదు. లవంగాలు చెప్పింది. నిమ్మతొక్కలు చెప్పింది. సబ్బు దగ్గర కాసేపు ఆగి, "నువ్వు," అంది. అది సరైన జవాబేనని నాన్న తీర్పు చెప్పాడు. నాలుగో డబ్బా దగ్గర మొహం చిట్లించింది.

"టైరు."

"కాఫీ అమ్మా."

"నాకింకా టైరే వస్తోంది. వచ్చింది చెప్పమన్నావు, వచ్చింది చెప్పాను." రుమాలు విప్పేసింది. "ఎంత?"

"డెబ్బై అయిదు."

"పాసా?"

"పాసేంటి, డిస్టింక్షన్!"

అమ్మ ఆ మాటను నోట్లో ఒకసారి తిప్పుకుంది. తర్వాత అడిగింది. "మరి డిగ్రీలో నీకెంత వచ్చిందే?"

నేను డబ్బాలు సర్దుతున్నట్టు నటించాను. నాన్న వదల్లేదు. "చెప్పు అమ్మలూ, చెప్పు."

"అరవై ఎనిమిది."

నాన్న ఈల దొరికింది. పక్కింటి వాళ్లు మళ్లీ కిటికీలోంచి తొంగి చూశారు. అమ్మ కొంగు సరిచేసుకుని, మొదటి బెంచీ ఠీవితో లేచి, "రండి, రొట్టె ఇంకా వేడి మీదే ఉంది. వాసన పోకముందే తినాలి," అంది.